కెప్లర్ జీతం బాకీ

ఈసారి సంచికలో ఎవరి జీవితం రాద్దామని కమిటీలో మాట వచ్చినప్పుడు నేను కెప్లర్ పేరు చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. గ్రహాలు ఎట్లా తిరుగుతాయో రాసినాయనకూ, మన క్యాంపుల్లో బతికే వాళ్లకూ ఏం సంబంధం అన్నారు. మా పెద్దవాడి ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో కెప్లర్ నియమాలు మూడున్నాయి గానీ ఆయన గురించి ఒక్క వాక్యమే ఉంది. అందులో లేని సంగతి చెప్పాను. ఆయన ముగ్గురు చక్రవర్తుల కొలువు చేశాడు, ముగ్గురూ జీతం బాకీ పెట్టారు, చివరికి రావలసిన పైకం కోసం గుర్రమెక్కి పరాయి ఊరు పోయి అక్కడే కన్ను మూశాడు. అప్పుడు నవ్వినవాళ్లే రాయమన్నారు.

యోహానెస్ కెప్లర్ 1571 డిసెంబర్ 27న జర్మన్ దేశంలో వైల్ డెర్ ష్టాట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. తండ్రి హైన్రిష్ డబ్బుకు పోరాడే సిపాయి. ఎవరు జీతమిస్తే వాళ్ల యుద్ధానికి పోయేవాడు. మధ్యలో ఇంటికొచ్చి మళ్లీ పోయేవాడు. ఒకసారి అట్లాగే పోయి ఇక తిరిగి రాలేదు. తల్లి కాథరీనా పూటకూళ్ల ఇంటివాళ్ల అమ్మాయి, చెట్ల మందులు తెలిసిన మనిషి. పిల్లవాడికి చిన్నతనంలోనే మశూచి వచ్చి చూపు దెబ్బతింది. ఆకాశం లెక్కలు రాసి పేరు పొందిన మనిషికి చుక్కలు సరిగ్గా ఆనేవి కావు! అయినా ఆరేళ్ల వయసులో, 1577లో పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని మిట్ట మీదికి తీసుకెళ్లి చూపించింది. ఆ తల్లి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పేద పిల్లలకు దొరతనం వారు ఇచ్చే ఖర్చులతో చదువుకుని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం దాకా వెళ్లాడు. అక్కడ మెస్ట్లిన్ అనే గురువు దగ్గర కోపర్నికస్ మాట విన్నాడు. భూమి చుట్టూ సూర్యుడు తిరగడం లేదు, సూర్యుడి చుట్టూ భూమే తిరుగుతోందన్న మాట. అప్పటికి అది కొద్దిమంది మాత్రమే నమ్మే సంగతి. కెప్లర్ చర్చిలో బోధకుడు కావాలనుకున్నాడు. కానీ 1594లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ బడికి లెక్కల పంతులు కావాలంటే ఈయన్ని పంపించారు. మనలో చాలామంది ఒక పనికని వచ్చి ఇంకో పనిలో కుదురుకున్నట్టే.

గ్రాట్స్‌లో పంతులు పనితో పాటు ఏటేటా కేలండర్ తయారు చేసే పని కూడా ఉండేది. చలి ఎట్లా ఉంటుంది, యుద్ధం వస్తుందా రాదా అని అందులో జోస్యం రాయాలి. 1595 కేలండర్‌లో గడ్డకట్టే చలి వస్తుందని, తురుష్కులు దండెత్తుతారని రాశాడు. రెండూ జరిగాయి. ఊళ్లో పేరొచ్చింది. ఆయనకు ఆ రకం జోస్యం మీద పెద్ద గురి లేదు గానీ జీవితమంతా అది కూడు పెట్టింది. పై వాళ్లు ఆకాశం లెక్కకు డబ్బులివ్వనప్పుడు జాతకం లెక్కే ఇల్లు నడిపింది.

1596లో మొదటి పుస్తకం రాశాడు. గ్రహాలు ఆరే ఎందుకున్నాయి, వాటి మధ్య దూరాలు అంతే ఎందుకున్నాయి అన్నది అందులో ప్రశ్న. (అప్పటికి తెలిసినవి భూమితో కలిపి ఆరే.) ఆయన ఇచ్చిన జవాబు తప్పు. కానీ గ్రహాలు ఎక్కడ కనపడతాయో చెప్పి ఊరుకోకుండా, ఎందుకు అట్లా తిరుగుతున్నాయని అడగడం అప్పటి జ్యోతిష్కుల్లో అరుదు. ఆ ప్రశ్నను ఆయన చచ్చేదాకా వదల్లేదు.

ఇంతలో మతం గొడవ వచ్చింది. గ్రాట్స్ ఏలే దొర కాథలిక్కు. కెప్లర్ లూథరన్. 1598లో లూథరన్ పంతుళ్లందరినీ పొద్దుగూకేలోపు ఊరు విడవమన్నారు. కెప్లర్‌ను ఒక్కణ్ణి మళ్లీ రానిచ్చారు. అప్పటికే మొదటి బిడ్డ రెండు నెలలకే పోయాడు. మరుసటి ఏడు పుట్టిన ఆడపిల్ల కూడా నెల దాటి నాలుగు రోజులకు పోయింది. తన మతాచారం ప్రకారం ఆ పసిబిడ్డను పూడ్చుకున్నందుకు జరిమానా వేశారు. పరాయిచోట శవానికి కూడా కాగితం, రుసుము ఉంటాయని మన సంఘంలో పనిచేసే వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1600 ఆగస్టులో ఊరి జనాన్ని ఒక్కొక్కరినే పిలిచి మతం మారతావా, ఊరు విడుస్తావా అని అడిగారు. కెప్లర్ మారనన్నాడు. నెలన్నర గడువిచ్చారు. పెళ్లాం బార్బరానూ, ఆమె మొదటి పెళ్లి కూతురినీ వెంటబెట్టుకుని రెండు బండ్ల సామానుతో బయల్దేరాడు.

పోయింది ప్రాగ్ నగరానికి. అక్కడ టైకో బ్రాహీ ఉన్నాడు. డెన్మార్క్ దేశపు పెద్దింటి మనిషి, చక్రవర్తి రుడాల్ఫ్‌కు ఆస్థాన గణితజ్ఞుడు. దూరదర్శిని ఇంకా పుట్టని కాలంలో, పెద్ద పెద్ద కోణమానాలతో ఏళ్ల తరబడి రాత్రిళ్లు కూర్చుని గ్రహాల స్థానాలు రాసిపెట్టాడు. అంత నికరమైన లెక్కలు ఇంకెవరి దగ్గరా లేవు. అవి ఒకేసారి ఎవరికీ చూపించడు. భోజనాల బల్ల దగ్గర ఈ పూట ఒకటి, రేపు ఒకటి బయటపెట్టేవాడు.

ఇక్కడ మనవాళ్లకు నచ్చే సంగతొకటి ఉంది. అంతకు ముందు, 1600 మొదట్లో కెప్లర్ టైకో దగ్గరికి చూసిపోదామని వచ్చినప్పుడు, కొలువులో చేరే ముందు షరతులన్నీ కాగితం మీద రాసి పెట్టాడు. వేరే ఇల్లు కావాలి, వంటచెరుకు ఇంత, మాంసం ఇంత, రొట్టె ఇంత, పానీయం ఇంత, నా సొంత చదువుకు ఇంత తీరిక. టైకోకు మండింది. ఒక వైద్యుడు మధ్యవర్తిగా కూర్చున్నాడు. మాట మాట పెరిగి కెప్లర్ లేచి వెళ్లిపోయాడు, తర్వాత తనే తగ్గి క్షమాపణ రాశాడు. తగ్గాడు కదా అని కొందరు చులకనగా రాశారు. నాకట్లా అనిపించదు. ఇంటి దగ్గర రెండోసారి వెళ్లగొట్టబోతున్నారని తెలిసిన మనిషి, పెళ్లాం పిల్లలున్న మనిషి. ఆ కాగితం రాయడమే గొప్ప.

1601 అక్టోబర్ 24న టైకో జబ్బు చేసి చనిపోయాడు. ఆ పదవి కెప్లర్‌కు ఇచ్చారు. టైకో జీతం ఏడాదికి 3,000 గుల్డెన్. కెప్లర్‌కు 500. అదీ కాగితం మీద. ఖజానాకు పోతే ఈ నెల కాదు వచ్చే నెల అనేవారు. పెద్ద చక్రవర్తి కొలువు, లోపల ఇల్లు గడవదు. బయట ఊళ్లో మాత్రం దొరగారి మనిషని పేరు. ఊరికి ఫోన్ చేసినప్పుడు మనం అంతా బాగుందనే చెప్తాం కదా.

అయినా ఆయన పని ఆపలేదు. ఆ పని పేరు కుజుడు, అంగారకుడు. మన ఇళ్లలో కుజదోషమని పెళ్లిళ్లు ఆగిపోతుంటాయి. కెప్లర్‌ను మాత్రం ఆ కుజుడు దాదాపు ఆరేళ్లు పట్టుకున్నాడు. సంగతేమంటే, గ్రహం తిరిగే దారి గుండ్రమే అయి ఉండాలని రెండు వేల ఏళ్లుగా అందరూ అనుకుంటూ వచ్చారు. గ్రీకులూ అంతే, మన సూర్యసిద్ధాంతమూ అంతే. కుజుడు ముందుకు పోతూ పోతూ వక్రించి వెనక్కి వస్తాడు, ఒకచోట వడిగా, ఒకచోట నెమ్మదిగా పోతాడు. వాటిని సర్దడానికి వృత్తం మీద వృత్తం పెట్టి లెక్క కట్టేవారు. కోపర్నికస్ కూడా వృత్తాలు వదల్లేదు. కెప్లర్ కూడా మొదట వృత్తంతోనే మొదలుపెట్టాడు. ఒకే లెక్కను డెబ్బై సార్లు చేశాడు. కాగితాలు వందలకు వందలు అయిపోయాయి. చివరికి టైకో రాసిన స్థానాలకూ, తన లెక్కకూ 8 నిమిషాల తేడా మిగిలింది.

ఇది గడియారం నిమిషం కాదు, కోణం నిమిషం. డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కటి. పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు 30 నిమిషాలు. అంటే చంద్రబింబంలో పావు వంతుకన్నా కాస్త ఎక్కువ తేడా, అంతే. ఇంకొకరైతే సరిపోయిందిలే అని మూసేసేవారు. తన కొలతే తప్పేమో అనుకునేవారు. కెప్లర్ టైకో చేతిని నమ్మాడు. టైకో అంత తప్పు కొలవడు, కాబట్టి నా వృత్తమే తప్పు అని తేల్చుకుని, అన్నేళ్ల లెక్కనూ పక్కన పడేశాడు. తాపీపని చేసేవాళ్లకు ఇది తెలుస్తుంది. గుండు వేస్తే గోడ నూలుపోగంత వాలింది. పైన ప్లాస్టరు కొట్టేస్తే ఎవరికీ కనపడదు. ఆ గోడ పీకి మళ్లీ కట్టే మేస్త్రీలు ఎందరుంటారు?

మళ్లీ మొదటినుంచీ చేశాడు. కుజుడి దారి కోలగా ఉందని 1605లో తేలింది. రెండు మేకులు కొట్టి, వదులుగా దారం ముడేసి, పెన్సిలు ఆనించి తిప్పితే వచ్చే కోల ఆకారం అది, దీర్ఘవృత్తం. ఒక మేకు చోట సూర్యుడుంటాడు. రెండో మేకు చోట ఏమీ ఉండదు. గ్రహం సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు వడిగా పోతుంది, దూరమైనప్పుడు నెమ్మదిస్తుంది. ఆ వడికీ ఒక లెక్క ఉంది. సూర్యుడి నుంచి గ్రహానికి ఒక గీత గీశామనుకోండి, ఆ గీత ఒక నెలలో ఎంత జాగా ఊడుస్తుందో, ఏ నెలలోనైనా అంతే జాగా ఊడుస్తుంది. ఇవే పుస్తకాల్లో ఉండే మొదటి రెండు నియమాలు. సూర్యుడిలోనే ఏదో బలం ఉండి గ్రహాలను తిప్పుతోందని కూడా రాశాడు. ఆ బలం ఎట్లాంటిదో ఆయన చెప్పింది సరికాదు, ఆ పని తర్వాత న్యూటన్ చేశాడు.

ఇవన్నీ కలిపి 1609లో కొత్త ఖగోళశాస్త్రం అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. రాసి నాలుగేళ్లు అచ్చు పడలేదు. ఒకటి డబ్బుల్లేక. రెండోది, టైకో అల్లుడు ఆ లెక్కలు మావని అడ్డం పడ్డాడు. నాకు ఆ పుస్తకం గురించి అన్నిటికన్నా నచ్చింది ఏమంటే, కెప్లర్ తన తప్పులన్నీ అందులో వరసగా రాశాడు. ఇక్కడ ఇట్లా అనుకున్నాను, అది కుదరలేదు, ఇక్కడ మోసపోయాను అని. చదివి విసుగొస్తే ఇదంతా డెబ్బై సార్లు చేసిన నా మీద జాలిపడండి అన్నట్టు చదివేవాళ్లను బతిమాలుకున్నాడు కూడా.

1611 ఆ ఇంటికి చెడ్డ ఏడు. ఆరేళ్ల కొడుకు మశూచితో పోయాడు. ప్రాగ్‌లో సైన్యాలు కొట్టుకున్నాయి. బార్బరా జ్వరంతో పోయింది. చక్రవర్తి రుడాల్ఫ్‌ను గద్దె దింపారు. బాకీ అట్లాగే ఉండిపోయింది. కొత్త చక్రవర్తి మథియాస్ పదవి ఉంచాడు, బాకీ కూడా ఉంచాడు. కెప్లర్ 1612లో లింట్స్ ఊరికి పంతులుగా మారాడు. రెండో పెళ్లి చేసుకున్నాడు, భార్య సుజానా. తన పెళ్లికి కొన్న ద్రాక్షసారా పీపాలను వర్తకుడు కర్రతో కొలిచే తీరు చూసి అనుమానం వచ్చి, పీపాలో సరుకు ఎంత పడుతుందో లెక్కించడం మీద ఒక పుస్తకమే రాశాడు. అట్లాంటి మనిషి.

1615లో ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మ మీద మంత్రగత్తె అని కేసు పెట్టారు. పొరుగు ఆవిడ ఒకామె, కాథరీనా ఇచ్చిన పానీయం తాగి జబ్బు పడ్డానంది. మన పల్లెల్లో చేతబడి పేరు పెట్టి ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం. ఆ రోజుల్లో జర్మనీలో అది కోర్టు దాకా పోయేది, నేరం ఒప్పుకుంటే కాల్చేసేవారు. 1620 ఆగస్టులో డెబ్బై దాటిన ఆ ముసలమ్మను పట్టుకుపోయి గొలుసులు వేశారు. కాపలా మనుషుల ఖర్చు కూడా ఆమె దగ్గరే రాబట్టారు. కెప్లర్ పని వదిలేసి, కుటుంబాన్ని రేగెన్స్‌బుర్గ్‌లో దించి, అమ్మ దగ్గరికి పోయాడు. వకీళ్లతో కలిసి కూర్చుని, ఒక్కొక్క సాక్షి మాటనూ కుజుడి లెక్క విప్పినట్టు విప్పి జవాబు రాయించాడు. 1621లో ఆమెకు చిత్రహింసల సామాను చూపించి బెదిరించారు. ఒప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదని ఆమె తేల్చి చెప్పింది. పద్నాలుగు నెలల తర్వాత వదిలారు. ఆరు నెలలకు చనిపోయింది.

ఇందులో కెప్లర్‌ను తొలిచిన బాధ ఇంకొకటి ఉంది. చాలా ఏళ్ల కిందట ఆయన ఒక కల్పిత కథ రాశాడు. చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి ఎట్లా తిరుగుతూ కనపడుతుందో చెప్పే కథ. అందులో కథ చెప్పేవాడి తల్లి మూలికలు అమ్ముతుంది, భూతాలను పిలుస్తుంది. రాతప్రతి చేతులు మారింది. అదే ఊళ్లో పుకారై అమ్మ మెడకు చుట్టుకుందేమోనని ఆయన అనుమానం. తర్వాత పదేళ్ల పాటు ఆ కథకు ఒక్కొక్కటిగా 223 వివరణలు రాసుకుంటూ పోయాడు. కథకన్నా వివరణలే పొడుగు.

ఈ కేసు నడుస్తున్న రోజుల్లోనే, 1618లో ఒక పాప చనిపోయిన కొద్ది నెలలకు, మూడో నియమం దొరికింది. మే 15న అని తేదీ కూడా రాసిపెట్టుకున్నాడు. మన పుష్కరాలతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. గురుడు ఏడాదికొక రాశి చొప్పున తిరిగి మళ్లీ అదే రాశికి రావడానికి సుమారు 12 ఏళ్లు, అందుకే పుష్కరం. గురుడు సూర్యుడికి ఎంత దూరం? భూమి దూరాన్ని 1 అనుకుంటే గురుడిది 5.2. ఆ 5.2ను మూడు సార్లు గుణిస్తే దగ్గర దగ్గర 140.6. గురుడి కాలం నికరంగా 11.86 ఏళ్లు. దాన్ని దానితోనే గుణిస్తే 140.7. కుజుడికీ ఇంతే, శనికీ ఇంతే. దూరం తెలిస్తే కాలం తెలుస్తుంది, కాలం తెలిస్తే దూరం.

ఆయనను జీతానికి పెట్టుకున్న అసలు పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. టైకో కొలతలతో గ్రహాల పట్టికలు వెయ్యాలి. ఏ రోజు ఏ గ్రహం ఎక్కడుంటుందో ఎవరైనా లెక్క కట్టుకునే పట్టికలు. పంచాంగం చేసేవాళ్లకూ, ఓడలు నడిపేవాళ్లకూ అవసరం. రుడాల్ఫ్ పేరు మీద వేస్తానని మాటిచ్చాడు. చక్రవర్తి మారాడు, మళ్లీ మారాడు, ఇప్పుడు రెండో ఫెర్డినాండ్. గ్రాట్స్ నుంచి వెళ్లగొట్టిన దొర ఈయనే! అచ్చుకు డబ్బు కావాలని కెప్లర్ వియన్నా పోయాడు. లెక్క చూస్తే చక్రవర్తులు ఆయనకు 6,000 గుల్డెన్లకు పైగా బాకీ ఉన్నారు. ఖజానా వాళ్లు మా దగ్గర లేవు, ఫలానా మూడు ఊళ్ల వాళ్లు చక్రవర్తికి కట్టాలి, వాళ్ల దగ్గర తెచ్చుకో అని చీటీలు రాసిచ్చారు.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నేనిక్కడికి వచ్చిన నాలుగో ఏట ఒక కంపెనీలో ఏడు నెలల జీతం ఆగిపోయింది. మా దగ్గర కాదు, పై కాంట్రాక్టరు దగ్గర అడగమన్నారు. అక్కడికి పోతే ఇంకో పేరు చెప్పారు. బస్సు చార్జీలకే అప్పు చెయ్యాల్సి వచ్చింది. కెప్లర్ ఊరూరా తిరిగాడు. రెండు ఊళ్లు కాగితం కొనడానికి సరిపడా ఇచ్చాయి. పెద్ద మొత్తం ఇవ్వాల్సిన న్యూరెంబర్గ్ పైసా ఇవ్వలేదు. మిగతాది సొంత జేబులోంచి పెట్టుకున్నాడు.

1626లో లింట్స్‌లో మళ్లీ మతం గొడవ. ఆయన పుస్తకాలకు సీలు వేశారు. రైతులు తిరగబడి ఊరును ముట్టడించారు. ఆ మంటల్లో అచ్చుయంత్రం కాలిపోయింది. రాతప్రతి మాత్రం మిగిలింది. భార్యాపిల్లలతో పడవెక్కి, వాళ్లను మళ్లీ రేగెన్స్‌బుర్గ్‌లో దించి, నది గడ్డకట్టిపోతే అచ్చు అక్షరాలను బండికెత్తుకుని ఉల్మ్ ఊరికి చేరాడు. 1627లో అక్కడ పట్టికలు అచ్చయ్యాయి, వెయ్యి ప్రతులు. ముఖచిత్రం ఆయనే ఆలోచించి వేయించాడు. ఒక మండపం, దాంట్లో వెనకటి జ్యోతిష్కులంతా నిలబడి ఉంటారు. మండపం మీద చక్రవర్తి గద్ద ముక్కులోంచి నాణేలు రాలుస్తూ ఉంటుంది. కింద అరుగు పలక మీద ఒక మూల కెప్లర్ కొవ్వొత్తి వెలుగులో లెక్కలు చేసుకుంటూ ఉంటాడు. పైనుంచి రాలిన నాణేల్లో ఆయన బల్ల దాకా వచ్చినవి ఒకటో రెండో. చక్రవర్తికి సమర్పించిన పుస్తకంలోనే ఆ బొమ్మ! అర్జీలు పెట్టీ పెట్టీ అలసిపోయిన మనిషి అంతకన్నా మర్యాదగా ఏం చెప్తాడు.

ఫెర్డినాండ్ బాకీ తీర్చలేదు. దాన్ని వాలెన్‌స్టైన్ అనే సేనాపతి మీదికి తోసేశాడు. అప్పటికి మొత్తం 12,000 గుల్డెన్ల దాకా అయింది. సేనాపతి 1628లో కెప్లర్‌ను సాగాన్‌కు పిలిపించుకుని జాతకాలు అడిగాడు. పాత బాకీ మాట వచ్చేసరికి ఆయనా దాటవేశాడు. 1630లో సేనాపతి పదవే ఊడింది.

ఆ అక్టోబర్‌లో కెప్లర్ సాగాన్ నుంచి ఒంటరిగా బయల్దేరాడు. వయసు 58. రేగెన్స్‌బుర్గ్‌లో చక్రవర్తి సభ జరుగుతోంది, అక్కడ బాకీ సంగతి అడగాలి. లింట్స్‌లో దాచిన సొమ్ము మీద వడ్డీ రావాలి, అదీ తెచ్చుకోవాలి. చలిలో వందల మైళ్లు, ముసలి గుర్రం మీద. నవంబర్ 2న రేగెన్స్‌బుర్గ్ చేరాడు. కొద్దిరోజుల్లోనే జ్వరం తగిలింది. నవంబర్ 15న పోయాడు. ఊరి గోడ బయట లూథరన్ల స్మశానంలో పూడ్చారు. మూడు నాలుగేళ్లలో యుద్ధం ఆ స్మశానాన్ని తుడిచిపెట్టేసింది. ఆయన సమాధి ఎక్కడుందో ఇప్పుడు ఎవరూ చూపించలేరు.

చనిపోక ముందు కెప్లర్ తన పట్టికలతో ఒక లెక్క కట్టి చిన్న పుస్తకంగా అచ్చు వేసి వదిలాడు. 1631 నవంబర్ 7న బుధుడు సూర్యబింబం మీదుగా అడ్డంగా పోతాడని, జ్యోతిష్కులందరూ చూడాలని. ఆ రోజు పారిస్‌లో గసెండీ అనే ఆయన చీకటి గదిలో కాగితం మీద సూర్యబింబం పడేట్టు చేసి కాచుకుని కూర్చున్నాడు. అనుకున్నదానికన్నా చాలా చిన్నగా, ఒక నల్లచుక్క కనపడింది. మొదట సూర్యుడి మీది మచ్చ అనుకున్నాడు. అది కదులుతోంది. అంతకు ముందు పట్టికలు బుధుడి విషయంలో డిగ్రీలకు డిగ్రీలే తప్పేవి. ఈ లెక్క తప్పింది డిగ్రీలో చిన్న ముక్క.

సుజానా చిన్నపిల్లలతో రేగెన్స్‌బుర్గ్‌లోనే లేమిలో బతికి 1636లో పోయింది. చంద్రుడి కథను కొడుకు లూట్విష్ 1634లో అచ్చు వేయించాడు, నాలుగు డబ్బులు వస్తాయేమోనని. చేతిరాత కాగితాలు చేతులు మారీ మారీ 1773లో రష్యా మహారాణి కేథరిన్ కొనగా సెంట్ పీటర్స్‌బర్గ్ చేరాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. జీతం బాకీ మాత్రం ఆయన బతికుండగా తీరలేదు.